ఓబులేసు మొలక శాతం

మా జిల్లా నూనెగింజల విత్తన మండలికి బేస్‌బాల్ ఎందుకు వచ్చిందని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. కారణం చాలా సులువు. మేము తపాలా ఆలస్యంగా విప్పాం.

ప్రతి ప్రభుత్వ మండలీ నిరాదరణకు గురైన ఒక క్రీడను దత్తత తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. చురుకైన ఆఫీసులు ఆ పూటే జవాబు రాసి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, క్యారమ్స్ పట్టుకుపోయాయి. మేము కవరు విప్పేసరికి నెల దాటింది. జాబితాలో మిగిలినవి రెండు: కత్తియుద్ధం, బేస్‌బాల్. మా డిప్యూటీ డైరెక్టర్ సర్వోత్తమరావుగారికి కత్తులంటే భయం. అలా బేస్‌బాల్ మాదైంది.

తెలియనివారికి ఆ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు దాన్ని దుడ్డుకర్రతో బాదుతాడు. బాదిన బంతి ఆకాశానికి లేస్తే, దూరంగా నిలబడ్డ ముగ్గురిలో ఎవరో ఒకరు పరుగెత్తి, అది నేలను తాకకముందే పట్టుకోవాలి. ఈ దూరపు మనుషుల్ని ఔట్‌ఫీల్డర్లంటారు. దగ్గరివాళ్ల తప్పులన్నీ చివరికి వాళ్ల నెత్తిమీదికే వస్తాయి. ప్రభుత్వ ఆఫీసులో ముప్పై ఏళ్లు సీనియర్ అసిస్టెంటుగా పనిచేసిన నాకు ఇంతకంటే వివరణ అవసరం లేకపోయింది.

జట్టు కట్టాల్సి వచ్చేసరికి అధికారులందరికీ మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. అందుకని గోదాములో మూటలు మోసే హమాలీల్లోంచి తొమ్మిదిమందిని ఏరుకున్నాం. వాళ్లలో ఒకడు ఓబులేసు. ఇరవై నాలుగేళ్లవాడు, కళ్యాణదుర్గం వైపు పల్లె. దినకూలీ మీద పనిచేసేవాడు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో చిలకల్ని తోలినవాడు, పెద్దయ్యాక లారీ మీంచి విసిరిన వేరుశనగ మూటల్ని పట్టినవాడు. అతన్ని తీసుకుపోయి మైదానానికి ఎడమచేతి చివర నిలబెట్టారు.

మొదటి పోటీ బోరుబావుల సంస్థతో జరిగింది. పన్నెండు పరుగుల తేడాతో ఓడిపోయాం. స్కోరు కాగితం మీద మాత్రం ఓబులేసు పేరు పక్కన ఆరు క్యాచ్‌లు రాసి ఉన్నాయి. ఆ కాగితం నా దగ్గరికి రాగానే పంచ్ చేసి ఫైల్లో పెట్టి, ఆ సంగతి మరిచిపోయాను.

తరువాతి వారం బోరుబావుల సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఓబులేసును మాకిస్తే బదులుగా మా దగ్గర బంతి విసిరేవాణ్ణి ఒకణ్ణి, ఒక ఎయిర్ కూలరునూ ఇస్తామని దాని సారాంశం.

అప్పటిదాకా ఆఫీసులో ఎవరికీ ఓబులేసు పేరు తెలియదు. "ఏయ్, ఎర్రచొక్కా" అని పిలిచేవాళ్లం. ఆ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం నుంచి అందరికీ "మన ఓబులేసు" అయిపోయాడు. పక్కింటివాడు కొమ్మ అడిగితే తప్ప మన పెరట్లో కరివేపాకు చెట్టుందని మనకు గుర్తుకురాదు కదా.

క్యాంటీన్‌లో చర్చ మొదలైంది. ముందు గొంతెత్తినవాడు గోదాము ఇన్‌స్పెక్టర్ హనుమంతరెడ్డి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

"ఏమప్పా అశ్వత్థప్పా," అన్నాడు నాతో, బొరుగుల ఉగ్గానిలో బజ్జీ తుంచుకుంటూ. "కాయకు ధర ఉన్నప్పుడే మండీకి తోలాల. రేప్పొద్దున వానికి కాలో చెయ్యో ఇరిగిందనుకో, కూలరూ ఉండదు, ఆ బంతి ఇసిరేవాడూ ఉండడు. ఇప్పుడే ఇచ్చేద్దాం."

"ఏం మాట్లాడ్తాండారు సార్?" అంది కంప్యూటర్ ఆపరేటర్ వహీదా. లెక్కలంటే ఆమెకు ప్రాణం. "ఒక్క ఆటలో ఆరు పట్టినాడు. అంటే పది ఆటల్లో అరవై. వచ్చే ఏడాదికి నూటా ఇరవై. ఇప్పుడు కూలరుకు ఇచ్చేస్తే, రేపు వాళ్లు జీపు ఇస్తామని వచ్చినా మనకాడ ఏముంటాది ఇచ్చేదానికి?"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా ఆ పూటకే ఆఫీసు రెండుగా చీలిపోయింది, ఇచ్చేద్దామనేవాళ్లు ఒకవైపు, ఉంచుకుందామనేవాళ్లు ఇంకోవైపు. క్యాంటీన్‌లో బల్లలు కూడా వేరుపడ్డాయి. విత్తనాల కోసం వచ్చిన రైతుల్ని వరసలో నిలబెట్టి అభిప్రాయం అడిగారు. "నాకు రెండు మూటల కాయలు కావాల సామీ, అంతే" అన్నాడొక ముసలాయన. ఆయన్ని తటస్థుల కింద రాసుకున్నాం.

మూడువారాలైనా తెగకపోయేసరికి సర్వోత్తమరావుగారు నాతో కలిపి ఏడుగురితో విలువ నిర్ధారణ కమిటీ వేశారు. రాతకోతలన్నీ నావి. నా నోట్లంటే జిల్లాలో మంచి పేరుంది. ఇది గొప్పకు చెప్పడం కాదు, అడిగినవాళ్లకు ఎవరైనా చెప్తారు.

మొదటి సమావేశంలో సర్వోత్తమరావుగారు కళ్లద్దాలు తుడుచుకుని ఇలా సెలవిచ్చారు. "వస్తువు యొక్క విలువను నిర్ధారింపక వస్తుమార్పిడి జరుపుట పరిపాలనా దోషమగును. క్రీడాకారుని విలువ కట్టుటకు మన వద్ద నియమావళి లేదు. విత్తన నియమావళి మాత్రమే ఉన్నది. ఉన్న నియమావళిని వర్తింపజేయుటయే పరిపాలన."

ఆ చివరి వాక్యం నాకు ఎంత నచ్చిందంటే మినిట్స్‌లో దాని కింద గీత గీశాను.

విత్తన నియమావళి తెలియనివాళ్ల కోసం చెప్తాను. గోదాముకు విత్తనం మూటలు రాగానే వాటికి ఒక లాట్ నంబరు ఇస్తాం. ట్యాగు కట్టి లక్కముద్ర వేస్తాం. మొలక పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ లాటును విప్పకూడదు, వాడకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఎండ, చెమ్మ తగలకుండా చెక్కబల్ల మీద ఉంచాలి. ఓబులేసుకు పదిహేడో నంబరు వచ్చింది. ముద్ర ఎక్కడ వేయాలన్నదాని మీద అరగంట చర్చ నడిచింది. మనిషి మీద వేస్తే కాలుతుందని వహీదా అభ్యంతరం చెప్పడంతో, ట్యాగును చొక్కా గుండీకి కట్టి ఆ దారానికి ముద్ర వేశాం.

ఓబులేసు ట్యాగును వేళ్లతో తిప్పి చూసుకున్నాడు.

"అంటే నేను ఆడకూడదా సార్?"

"పరీక్ష ముగియువరకు వినియోగము నిషిద్ధము," అన్నారు సర్వోత్తమరావుగారు.

"ఆడకుండా ఉంటే ఎట్ల సార్? మార్చి ముప్పై ఒకటికి నాకు ఇరవై అయిదు నిండతాయి. దాని లోపల్నే స్టేట్ జట్టుకు సెలక్షన్. జట్టులోకి తీసుకుంటే పర్మనెంట్ ఉద్యోగం ఇస్తారంట. వయసు దాటితే ఇంగ రానియ్యరు. నాకు ఈ ఒక్క తూరే సార్ ఉండేది."

"నాయనా, నీ విలువ పెరుగుచున్నది," అన్నారు ఆయన ఆప్యాయంగా. "విలువ పెరుగుచున్న కాలమున కదలరాదు."

అప్పుడు నవంబరు ఆఖరు. నాలుగు నెలలుంది కదా, ఈలోపు తేలిపోతుందిలే అనుకున్నాను నేను. ముప్పై ఏళ్ల సర్వీసున్నవాణ్ణి అలా ఎందుకు అనుకున్నానో నాకే అర్థం కాదు.

ఓబులేసుకు బదులుగా అటెండరు తిమ్మప్పను ఎడమచేతి చివర నిలబెట్టాం. తిమ్మప్పకు యాభై ఎనిమిదేళ్లు. ఆ పోటీలో ఇరవై పరుగుల తేడాతో ఓడిపోయాం. అందరమూ తలలు దించుకుని వస్తే, వహీదా మాత్రం ఒక కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"చూసినారా సార్! ఓబులేసు ఉన్నప్పుడు పన్నెండు, లేనప్పుడు ఇరవై. అంటే వాని విలువ ఎనిమిది పరుగులు!"

ఈ సూత్రం కమిటీకి ఎంతో నచ్చింది. మరుసటి పోటీలో ఇరవై ఏడు తేడాతో ఓడిపోగానే ఓబులేసు విలువ పదిహేనైంది. మేము ఓడేకొద్దీ అతని విలువ పెరగసాగింది. అంతేకాదు, ఆడని రోజుల్లో అతను ఒక్క బంతి కూడా జారవిడవలేదని, తప్పుల శాతం సున్నా అని వహీదా ఇంకో చార్టు గీసింది. ఆటగాళ్లలో అలాంటి రికార్డు ఎవరికీ లేదు.

అప్పుడు హనుమంతరెడ్డికి ఒక ఆలోచన వచ్చింది. తిమ్మప్ప ఇంకొంచెం అధ్వాన్నంగా ఆడితే ధర ఇంకా పెరుగుతుంది కదా? కమిటీ ఆలోచించి, పోటీ జరిగేటప్పుడు తిమ్మప్ప కళ్లద్దాలు తీసి ఆఫీసు బీరువాలో భద్రపరచాలని తీర్మానించింది.

"అద్దాలు లేకుంటే నాకు సంతకం పెట్టే చోటే కనపడదు, బంతి యాడ కనపడుతాది సార్?" అన్నాడు తిమ్మప్ప.

"కనబడకుండుటయే ప్రస్తుతము మీ విధి," అన్నారు సర్వోత్తమరావుగారు.

ముప్పై నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ సాయంత్రం ఆఫీసులో మైసూరుపాకు పంచారు. తిమ్మప్పకు రెండు ముక్కలిచ్చారు.

అవతల బోరుబావుల సంస్థ కూడా బేరం పెంచుతూ వచ్చింది. జనవరిలో కూలరుతోపాటు జీపు అన్నారు. ఆ జీపుకు ఇంజను లేదు, వెతికి పెట్టిస్తామన్నారు. ఫిబ్రవరిలో జీపుకు తోడు బోరు వేసే యంత్రాన్ని వారం రోజులు వాడుకోనిస్తామన్నారు. చంద్రమౌళి అనే వాళ్ల ఇంజనీరు సరుకు చూసి పోవడానికి స్వయంగా వచ్చాడు. మూడడుగుల దూరం నుంచి ఓబులేసును కిందికీ పైకీ చూశాడు.

"కొంచెం పరుగెత్తించి చూపిస్తారా?"

"ముద్ర చెడును," అన్నారు సర్వోత్తమరావుగారు.

చంద్రమౌళి గౌరవంగా తలూపాడు. "ఇంత జాగ్రత్తగా పెట్టినారంటే సరుకు గట్టిదే" అని వెళ్లిపోయి, ఇంజను వెతకడానికి మనుషుల్ని పంపించాడు.

గోళ్లు విరుగుతాయని ఓబులేసు చేత మూటలు కూడా మోయనివ్వలేదు. నాలుగు నెలలు గోదాములో చెక్కబల్ల మీద కూర్చున్నాడు. ఆడిట్‌కు పనికొస్తుందని నేను అప్పుడప్పుడు వెళ్లి ట్యాగు సరిగా ఉందో లేదో చూసి వచ్చేవాణ్ణి. ఒకరోజు గోదాములోకి పిచ్చుక దూరింది. అది ఎటు ఎగిరితే ఓబులేసు మెడ అటు తిరిగింది. రెండు చేతులూ మోకాళ్ల మీంచి తమంతట తామే లేచాయి. నన్ను చూసి మళ్లీ కింద పెట్టుకున్నాడు. నాకు ఏదోలా అనిపించింది గాని, ట్యాగు సరిగానే ఉందని రాసుకుని వచ్చేశాను.

మార్చి మూడోవారంలో సెలక్షన్ ఉత్తరం వచ్చింది. వచ్చే ఆదివారం మన ఊరి స్టేడియంలోనే ఎంపిక, ఎవరైనా రావచ్చు, పనిచేసే ఆఫీసు నుంచి విడుదల చీటీ ఒకటి చాలు. అప్పటికి కమిటీ ఫైలు రెండువందల పన్నెండు పేజీలైంది.

ఓబులేసు ఆ చీటీ అడిగితే కమిటీ అదిరిపడింది.

"పరీక్షలో ఉన్న లాటు గడప దాటరాదు," అన్నారు సర్వోత్తమరావుగారు. "పైగా రాష్ట్ర జట్టువారు తీసుకొనిపోయినచో మార్పిడి ఏది? జీపు ఏది?"

"అదే గదా సార్! ఉత్తపుణ్యానికి ఎట్లిస్తాం?" అన్నాడు హనుమంతరెడ్డి.

"ఇప్పుడు వాని విలువ ఇరవై రెండు పరుగులు," అంది వహీదా.

నాలుగు నెలల్లో హనుమంతరెడ్డీ వహీదా ఒక్కమాట మీదికి రావడం అదే మొదటిసారి. విడుదల కావాలంటే కమిటీ సభ్యులు ఏడుగురు, పై అధికారులు ఇద్దరు, మొత్తం తొమ్మిది సంతకాలు కావాలని తీర్మానమైంది. ఆ తీర్మానం రాసింది నేనే.

గురువారం మధ్యాహ్నం ఓబులేసు నా బల్ల దగ్గరికి వచ్చాడు. గుండీకి ట్యాగు వేలాడుతోంది.

"సార్, ఫైలు రాసేది మీరే గదా."

"అవును ఓబులేసూ."

"నా గురించి రెండునూర్ల పేజీలు రాసినారంట. నేను అంత బాగా ఆడతానని. దాంట్లో ఒక్క పేజీ ఇయ్యండి సార్. చీటీ లేకున్నా మాయె, ఆ పేజీ వాళ్లకు చూపిచ్చుకుంటా. రానిస్తారేమో."

సరేనని ఫైలు విప్పాను. మొదటి పేజీ నుంచి తిప్పుకుంటూ పోయాను. కూలరు కండిషను గురించి ఉంది. జీపు ఇంజను గురించి పదకొండు పేజీలున్నాయి. తిమ్మప్ప కంటిచూపు గురించి డాక్టరు చీటీ ఉంది. లక్కముద్ర ఎక్కడ వేయాలన్న చర్చ పూర్తిగా ఉంది. ఓబులేసు బాగా ఆడతాడని మాత్రం ఎక్కడా లేదు. నా చేతిరాతతో రెండువందల పన్నెండు పేజీలు రాశాను, అతని చేతికి ఇవ్వడానికి ఒక్కటి లేదు. నాకు సిగ్గేసింది. ఉద్యోగంలో చేరాక నేను సిగ్గుపడింది బహుశా అదే మొదటిసారి.

"రేపు కనపడు" అని చెప్పి పంపించేశాను.

ఆ సాయంత్రమంతా విత్తన నియమావళి ముందేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా అందులోంచి జనాన్ని ఆపడానికి ఏమేం ఉన్నాయో వెతికేవాణ్ణి. పంపించడానికి ఏముందో ఎన్నడూ చూడలేదు. నలభై ఒకటో పేజీలో దొరికింది. పరీక్షకు పెట్టిన గింజల్లో నూటికి కనీసం డెబ్భై అయినా మొలవకపోతే, ఆ లాటు విత్తనానికి పనికిరాదు. అలాంటి లాటు మంచి విత్తనంలో కలిసే ప్రమాదం ఉంది కాబట్టి, ఒక్కరోజులో గోదాము దాటించి నూనెమిల్లుకు పంపేయాలి. దానికి కమిటీ అక్కర్లేదు, మార్పిడీ అక్కర్లేదు. డిప్యూటీ డైరెక్టర్ సంతకంతో ఒక్క గేట్ పాసు చాలు.

శుక్రవారం పొద్దున ఒక్క కాగితం మీద నోట్ రాశాను. లాట్ నంబరు పదిహేడు. పరీక్షా కాలం నాలుగు నెలలు. ఆ కాలంలో పట్టిన బంతులు సున్నా. కావున మొలక శాతం సున్నా.

సర్వోత్తమరావుగారు రెండుసార్లు చదివారు.

"సున్నాయా?"

"సున్నా సార్."

"అయినచో ఇన్నినాళ్లు మనము..."

"తిరస్కరించాల్సిన లాటును మంచి విత్తనం పక్కన పెట్టుకున్నాం సార్. సోమవారం ఆడిట్‌వాళ్లు వస్తున్నారు."

ఆయన కుర్చీలోంచి లేచారు. కలం కోసం బల్లంతా తడిమి, నా జేబులోంచి లాక్కుని సంతకం చేశారు. "తక్షణము దాటించుడు! ఇది ఒక గంట సేపు కూడా ఇచట ఉండరాదు!"

"నేను మొదటి దినమే చెప్పినా! ధర ఉన్నప్పుడే తోలాలని!" అని హనుమంతరెడ్డి ఆఫీసంతా తిరిగాడు. బోరుబావుల సంస్థకు ఎలా తెలిసిందో గాని, మధ్యాహ్నానికల్లా ఫోన్ చేసి జీపు లేదన్నారు, కూలరూ లేదన్నారు. వహీదా తన చార్టులన్నీ బల్ల మీద పరుచుకుని చూస్తూ కూర్చుంది.

"ఆడనియ్యకుంటే బంతి ఎట్ల పడతాడు సార్?" అంది ఉన్నట్టుండి.

నాలుగు నెలల్లో మా ఆఫీసులో పుట్టిన తెలివైన ప్రశ్న అదొక్కటే. సర్వోత్తమరావుగారు నియమావళి తిరగేశారు.

"ఆ అంశము నియమావళిలో లేదు," అన్నారు.

గేటు దగ్గర వాచ్‌మన్ మాబుసాబు పాసును వేలితో చదువుకున్నాడు. అందులో బరువు గడి ఖాళీగా ఉందని ఓబులేసును కాటా మీదికి ఎక్కించి తూచాడు. యాభై ఎనిమిది కిలోలు వచ్చింది. రాసుకున్నాడు. ఓబులేసు కూడా ఆ కాగితం తీసుకుని చదివాడు. అతని ముఖం చిన్నబోయింది.

"పనికిరాదు అని రాసినారే సార్. మీరూ అంతేనా?"

"పనికొస్తావని రాస్తే తొమ్మిది సంతకాలు కావాల ఓబులేసూ," అన్నాను. "పనికిరావని రాస్తే ఒకటి చాలు."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తరువాత పగలబడి నవ్వాడు. ట్యాగును దారంతో సహా తెంపి మాబుసాబు చేతిలో పెట్టి గేటు దాటాడు.

ఆదివారం స్టేడియానికి వెళ్లాను. మా ఆఫీసు నుంచి ఇంకెవరూ రాలేదు. గేటు పాసు మీద ‘విత్తనానికి పనికిరాదు, నూనెకు పంపడమైనది’ అని చూసి ఎంపికచేసే పెద్దాయన కనుబొమలు ఎగరేశాడట. "నూనెకు అంటే ఏమప్పా?" అని అడిగాడట. అయినా ఆఫీసు ముద్ర ఉంది, బయటికి పంపినట్టు రాసి ఉంది, ఆయనకు కావాల్సింది అదే. ఓబులేసును ఎడమచేతి చివరికి పంపించారు.

మొదటి బంతి అతని చేతుల్లోకే వచ్చింది. జారిపోయింది. నాలుగు నెలలు ఆ చేతుల్ని మోకాళ్ల మీద పెట్టించింది మేము. ట్యాగు చూసి వచ్చింది నేను. ఇప్పుడు అతని తప్పు కింద లెక్కేస్తారు. రెండో బంతిని వెనక్కి నడిచి తడబడుతూ పట్టాడు. మూడోది శుభ్రంగా పట్టాడు.

నాలుగోసారి కర్ర ఠప్పుమనకముందే అతను పరుగెత్తాడు. బంతికి వీపు పెట్టి గోడవైపు దౌడు తీస్తున్నాడు. వీడికి బంతి కనపడలేదేమో అనుకున్నాను. గోడకు పదడుగుల దూరంలో ఒక్కసారి తల తిప్పి, ఎడమచేయి చాపాడు. బంతి వచ్చి అందులో కూర్చుంది. అక్కణ్ణుంచే తిరిగి విసిరాడు. ఆ బంతి మనిషి ఎత్తుకు మించి లేవలేదు. మైదానమంతా దాటి, అవతలి కొసన, బాదేవాడి వెనక బంతి పట్టడానికి కూర్చున్నవాడి చేతి తొడుగులో ఠక్కున పడింది. వాడు చెయ్యి కదిలించాల్సిన అవసరం కూడా రాలేదు.

పెద్దాయన టోపీ తీశాడు. "బంతులు అటే కొట్టండప్పా" అన్నాడు. ఇంకో తొమ్మిది కొట్టారు. ఓబులేసు ఒక్కటీ వదల్లేదు.

నేను లేచి నిలబడి అరిచాను. ఏం అరిచానో తెలియదు, పక్కనున్న పిల్లలు తిరిగి చూశారు. యాభై ఆరేళ్ల వయసులో అరిచి గొంతు బొంగురుపోయింది. మొదటి పోటీ జరిగిన రోజు నేను షామియానాలో ముఖ్య అతిథికి మజ్జిగ అందిస్తూ మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఓబులేసు పరుగెత్తడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ మధ్యాహ్నమే స్టేట్ జట్టులోకి అతని పేరు రాసుకున్నారు.

సోమవారం పేపర్లో రెండు లైన్ల వార్త వచ్చింది. క్యాంటీన్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు.

"గేట్ పాసుకు ఇచ్చేసినామప్పా! ఒక్క గేట్ పాసుకు!" హనుమంతరెడ్డి బల్ల గుద్దుతున్నాడు. "ఇట్లాంటి బేరం యాడన్నా చూసినారా? వాణ్ణి ఉంచుకోవాలని మొదటి దినమే చెప్పినా!"

"ఆ జీపు ఇస్తామన్నప్పుడే ఇచ్చేసుంటే..." అంది వహీదా.

బోరుబావుల సంస్థవాళ్లు పొద్దున్నే మళ్లీ ఫోన్ చేశారట, ఇంజను దొరికిందట. ఆడిట్ ఆ నెలకు వాయిదా పడింది. మధ్యాహ్నం సంజాయిషీ అడుగుతూ నాకు మెమో వచ్చింది. దాంట్లో మూడో ప్రశ్న ఇది: "సదరు లాటు విలువను సున్నాగా నిర్ధారించుటకు పూర్వము మీరు దానిని స్వయముగా పరీక్షించితిరా?"

నేను నాకు వచ్చిన మంచి దస్తూరీతోనే జవాబు రాశాను.

"లేదు. కమిటీలోని తక్కిన ఆరుగురు సభ్యులును పరీక్షించి ఉండలేదు. తదుపరి ఆదివారము నాడు గంటన్నర సేపు స్వయముగా చూచితిని. పన్నెండు బంతులు పట్టినాడు, ఒకటి వదిలినాడు. అయితే అది సెలవు దినము అగుటచేతను, నేను అప్పుడు విధులలో లేనందునను, నేను చూచినదానిని కార్యాలయము పరిగణనలోనికి తీసుకొననవసరము లేదని మనవి."

వాడు ఎలా పట్టాడని మెమోలో అడగలేదు కాబట్టి రాయలేదు.